ఆన్‌లైన్ డిగ్రీ సగంలో ఉంది, ఆపేయమంటారా?

ప్రశ్న:

నమస్కారం. నా వయసు ముప్పై రెండు. పెళ్లికి ముందు డిగ్రీ మధ్యలో ఆగిపోయింది. ఇన్నేళ్లకు ధైర్యం చేసి, ఉద్యోగం మానకుండానే ఒక యూనివర్సిటీ ఆన్‌లైన్ డిగ్రీలో చేరాను. ఇప్పుడు మూడో సెమిస్టర్. మొదటిది బాగానే నడిచింది, రెండోది ఎలాగో గట్టెక్కింది. ఈసారి మాత్రం ఐదు వారాల లెక్చర్లు చూడకుండా పేరుకుపోయాయి. పాప పడుకున్నాక రాత్రి పదింటికి ల్యాప్‌టాప్ తెరుస్తాను. ఒకటిన్నర స్పీడ్‌లో పెట్టి వరసగా చూస్తాను. చూస్తున్నంతసేపూ అర్థమైనట్టే ఉంటుంది, మర్నాటికి ఏమీ మిగలదు. స్టాటిస్టిక్స్ మరీ ఘోరం.

మొన్న మిడ్‌టర్మ్ మధ్యలో నెట్ పోయింది. తిరిగొచ్చేసరికి పాప గదిలోకి వచ్చింది, స్క్రీన్ మీద 'అనుమానాస్పద కదలిక' అని హెచ్చరిక పడింది. మార్కులైతే వేశారు గానీ ఆ రోజు నుంచి పరీక్ష అంటే గుండెదడ. గ్రూప్ ప్రాజెక్ట్‌లో నలుగురం ఉంటే ఇద్దరు పత్తా లేరు. ఫెయిలైతే నవ్వుతారని ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. మావారికి తెలుసు, కానీ ఆయన లెక్కలో నేను 'వీడియోలు చూస్తున్నాను'. మా బావగారు ఒకసారి 'ఆన్‌లైన్ డిగ్రీని ఎవరు లెక్కచేస్తారమ్మా' అన్నారు. ఆ మాట మనసులోంచి పోవడం లేదు. కట్టిన ఫీజు తలుచుకుంటే ఆపాలనిపించదు, కొనసాగించడానికి ఓపిక లేదు. ఏం చేయమంటారు?

— పేరు వేయవద్దన్న పాఠకురాలు

సమాధానం:

ఆపేయాలా వద్దా అన్నది ఈ వారం తేల్చకండి. ఐదు వారాల పాఠాలు నెత్తిమీద ఉండగా, రోజంతా పనిచేసి, రాత్రి పదకొండింటికి ఆలోచిస్తే ఎవరికైనా ఆపేయాలనే అనిపిస్తుంది. ఎప్పుడు తేల్చుకోవాలో చివర్లో చెబుతాను. దానికంటే ముందు మీ ఉత్తరంలో ఒక విషయం మాట్లాడాలి.

మీరు నెట్ గురించి రాశారు, స్టాటిస్టిక్స్ గురించి రాశారు, పత్తా లేని ఇద్దరి గురించి రాశారు. వాటి మధ్యలో, పెద్ద విషయం కానట్టు, ఆఫీసులో ఎవరికీ చెప్పలేదని ఒక వాక్యం రాశారు. నాకు అదే అన్నిటికంటే పెద్ద సమస్యగా కనిపిస్తోంది. మీ చదువు ఎవరి కంటికీ ఆనడం లేదు. ఆఫీసుకు తెలియదు. ఇంట్లో తెలిసినా చదువులా కనిపించదు. యూనివర్సిటీ వాళ్లకు మీరొక లాగిన్. చివరికి మీకు కూడా, ఎంత నేర్చుకున్నారో తెలిసే దారి లేదు. ఎన్ని వీడియోలు మిగిలాయో మాత్రమే తెలుస్తోంది. ఇలాంటి కోర్సుల్లో కొంతకాలం ట్యూటర్‌గా పనిచేశాను. మధ్యలో ఆగిపోయినవాళ్లలో పాఠం అర్థంకాక ఆగినవాళ్లు నాకు తక్కువే కనిపించారు. ఒక వారం తప్పుతారు, ఎవరూ అడగరు. రెండో వారం తప్పుతారు, అప్పుడూ ఎవరూ అడగరు. మూడో వారానికి మళ్లీ వచ్చి ముఖం చూపించడానికి మొహమాటం. అసలు ముఖమే కనిపించని చోట ఈ మొహమాటం ఏమిటో అనుకుంటాం గానీ, నిజంగానే ఉంటుంది.

కాలేజీకి వెళ్లి చదివేవాళ్లకు, చదువు నలుగురి కంటికీ ఆనడమనే ఈ పని వాళ్ల ప్రమేయం లేకుండానే జరిగిపోతుంది. పొద్దున సంచి తగిలించుకుని బయటికెళితే చదువుకోవడానికి వెళ్లిందని ఇంట్లోవాళ్లకు తెలుస్తుంది. నాలుగు రోజులు రాకపోతే పక్క బెంచీ అమ్మాయి ఫోన్ చేస్తుంది. ఆన్‌లైన్‌లో పాఠాలు వస్తాయి, పరీక్షలు వస్తాయి, ఈ ఒక్కటి రాదు. దీన్ని మనమే ఏర్పాటు చేసుకోవాలి. చేరేటప్పుడు ఇది ఎవరూ చెప్పరు. ప్రకటనల్లో 'ఎక్కడినుంచైనా, ఎప్పుడైనా' అనే ఉంటుంది. 'ఎప్పుడైనా' అన్నది ఇంట్లోవాళ్ల చెవిలో 'ఇప్పుడే కానక్కర్లేదు' అని పడుతుంది.

ముందు ఇంటి సంగతి చూద్దాం. మీవారు పట్టించుకోవడం లేదని మీరు అనలేదు, 'వీడియోలు చూస్తున్నాను' అనుకుంటున్నారని అన్నారు. ఆయన వైపు నుంచి చూస్తే కనిపించేది అదేగా. మంచం మీద ల్యాప్‌టాప్, చెవిలో ఇయర్‌ఫోన్స్. సినిమా చూసేవాళ్లూ అలాగే కూర్చుంటారు. 'నాకు కాస్త టైమ్ ఇవ్వండి' అని అడిగితే ఏ మంచి మనిషైనా సరే అంటాడు, మర్నాడు మర్చిపోతాడు. అలా కాకుండా ఏ రోజు, ఏ సమయం అన్నది చెప్పి అడగండి. మంగళవారం, గురువారం రాత్రి ఎనిమిది నుంచి పది వరకు, ఆదివారం పొద్దున మూడు గంటలు. ఆ సమయంలో పాప బాధ్యత పూర్తిగా ఆయనది. పాప ఏడ్చినా, ఏదైనా వస్తువు కనిపించకపోయినా మీ గది తలుపు తట్టకూడదు. పరీక్షల తేదీలు, అసైన్‌మెంట్ గడువులు ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి అందరికీ కనిపించే గోడకు అంటించండి. మీ ఫోన్ క్యాలెండర్‌లో ఉంటే అది మీ ఒక్కరి టెన్షన్. గోడ మీద ఉంటే ఇంటి కార్యక్రమం. కుదిరితే మంచం వదిలి కుర్చీలో, బల్ల దగ్గర కూర్చోండి. గది మొత్తం అక్కర్లేదు, ఒక మూల చాలు. అక్కడ కూర్చుంటే చదువు అని పాపకు కూడా తొందరగానే అలవాటవుతుంది. పిల్లలు ఈ విషయంలో పెద్దవాళ్లకంటే నయం.

ఒక మాట గట్టిగానే చెబుతాను. రోజూ రాత్రి పదింటి తర్వాతే అన్న ఏర్పాటు మార్చాల్సిందే. ఇంటిపని, ఆఫీసుపని, పాప పని అన్నీ అయ్యాక మిగిలిన తెల్లకాగితం లాంటి బుర్రతో స్టాటిస్టిక్స్ చదివితే రాకపోవడం మీ తెలివికి సంబంధించిన విషయం కాదు. వారానికి ఐదు రాత్రులు నిద్రమత్తులో కూర్చునే బదులు, మెలకువగా ఉన్న రెండు సాయంత్రాలు, ఒక ఆదివారం పొద్దున మేలు.

ఆఫీసులో అందరికీ చెప్పక్కర్లేదు. ఒక్కరికి చెప్పండి. పై అధికారి మంచివారైతే ఆయనకో ఆవిడకో చెబితే పరీక్షరోజు సెలవు అడగడం సులువవుతుంది. కొన్ని సంస్థలు ఉద్యోగుల చదువుకు ఫీజులో కొంత ఇస్తాయి, అడగనివాళ్లకు అది ఉందనే తెలియదు. ఇక ఫెయిలైతే నవ్వుతారన్న భయానికి నా దగ్గర మందు లేదు. ఒకరిద్దరు నవ్వొచ్చు కూడా. కానీ ఉద్యోగం చేస్తూ, పిల్లను చూసుకుంటూ చదువుతున్న మనిషికి ఒక పేపర్ పోయిందని నవ్వేవాళ్లు ఎలాంటివాళ్లో ఆ రకంగా తెలిసిపోవడమూ మంచిదే.

యూనివర్సిటీ వాళ్లకు మీరు కనిపించడం రెండో పని. మీరు ఇప్పటివరకు డిస్కషన్ ఫోరంలో ఒక్క ప్రశ్నయినా అడిగారా? ఉత్తరంలో ఆ ప్రస్తావన లేదు కాబట్టి అడగలేదనే అనుకుంటున్నాను. చాలామందికి 'ఇంత చిన్న విషయం అడిగితే ఏమనుకుంటారో' అని ఉంటుంది. అమెరికాలో జార్జియా టెక్ 2014 జనవరిలో ఆన్‌లైన్‌లో కంప్యూటర్ సైన్స్ మాస్టర్స్ మొదలుపెట్టింది. అందులో ప్రొఫెసర్ అశోక్ గోయల్ చెప్పే కృత్రిమ మేధ కోర్సులో మూడువందల మంది దాకా విద్యార్థులు ఒక సెమిస్టర్‌లో ఫోరంలో రాసే మెసేజ్‌లు పదివేల వరకు ఉండేవి. జవాబులు చెప్పలేక, 2016లో జిల్ వాట్సన్ అనే పేరుతో ఒక ప్రోగ్రామ్‌ను టీచింగ్ అసిస్టెంట్లలో ఒకరిగా కలిపేశారు. అది మనిషి కాదని ఆ సెమిస్టర్ చివరిదాకా విద్యార్థులకు తెలియలేదు. ఈ కథను అందరూ కృత్రిమ మేధ గొప్పతనంగా చెప్పుకుంటారు. నాకు ఆ పదివేల మెసేజ్‌లే ఆసక్తిగా అనిపిస్తాయి. అంత పేరున్న చోట, మాస్టర్స్ చదివేవాళ్లు, గడువు ఎప్పుడు, ఫైల్ ఏ ఫార్మాట్‌లో పెట్టాలి లాంటివి కూడా అడుగుతూనే ఉన్నారు. మీ ఒక్క స్టాటిస్టిక్స్ సందేహంతో ఎవరి నెత్తీ బరువెక్కదు.

అడిగేటప్పుడు 'నాకు ఈ చాప్టర్ అర్థం కాలేదు' అని రాస్తే ట్యూటర్‌కు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. 'మూడో లెక్చర్‌లో స్టాండర్డ్ డీవియేషన్ లెక్కవరకు వచ్చింది, స్టాండర్డ్ ఎర్రర్ దగ్గర ఆగిపోయాను, ఎందుకు భాగించాలో తెలియడం లేదు' అని రాస్తే రెండు లైన్లలో జవాబొస్తుంది. ఇలా రాయడానికి కూర్చున్నప్పుడే సగం సందేహం తీరిపోవడం కూడా మామూలే. లైవ్ క్లాస్ ఉంటే నెలకు ఒకటి రెండైనా రికార్డింగ్ కాకుండా నేరుగా వినండి, కెమెరా పెట్టినా పెట్టకపోయినా చాట్‌లో ఒక మాట రాయండి.

తోటి విద్యార్థుల్లో ఒకరిని పట్టుకోండి. వందమంది ఉన్న వాట్సాప్ గ్రూపు వల్ల పెద్దగా ఉపయోగం ఉండదు. పరీక్ష ముందురోజు రాత్రి అందులో జరిగేది సామూహిక భయం మాత్రమే. మీలాగే ఉద్యోగం చేస్తూ, మీలాగే స్టాటిస్టిక్స్‌తో తంటాలు పడుతున్న ఒక్కరు దొరికితే చాలు. ఆదివారం పొద్దున మీరిద్దరూ వీడియో కాల్ పెట్టుకుని, మ్యూట్ చేసుకుని, ఎవరి పని వాళ్లు చేసుకోండి. మాట్లాడుకోవాల్సిన అవసరమే లేదు. చివరి పది నిమిషాలు ఏం చేశామో చెప్పుకుంటే సరిపోతుంది. గ్రూప్ ప్రాజెక్ట్‌లో పత్తా ఉన్న ఆ రెండో మనిషి ఎవరో, ముందు వాళ్లనే అడిగి చూడండి. లేని ఇద్దరి సంగతి ఇలా తేల్చండి: ఎవరు ఏ భాగం చేయాలో రాసి నలుగురికీ మెయిల్ పెట్టండి, ఫలానా తేదీలోగా జవాబు రాకపోతే ట్యూటర్‌కు తెలియజేస్తామని అందులోనే చెప్పండి, ఆ తేదీ దాటగానే తెలియజేయండి. ప్రాజెక్ట్ ఇచ్చాక చేసే ఫిర్యాదును ఎవరూ పట్టించుకోరు.

ఇక వీడియోలు. దీనిమీద కొంచెం ఎక్కువే రాస్తాను, ఎందుకంటే మీ రాత్రులన్నీ అక్కడే పోతున్నాయి.

చూస్తున్నప్పుడు అర్థమైనట్టు ఉండటం, మర్నాడు గుర్తులేకపోవడం మీ ఒక్కరి జబ్బు కాదు. 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థులకు చిన్న పాఠాలిచ్చి చూశారు. కొందరు రెండోసారి చదివారు. మిగిలినవాళ్లు రెండోసారి చదవకుండా, గుర్తున్నంత కాగితం మీద రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే రెండుసార్లు చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత పెడితే లెక్క తిరగబడింది: రాసినవాళ్లకు 56 శాతం గుర్తుంది, చదివినవాళ్లకు 42 శాతం. అంటే మళ్లీ చూసినప్పుడు కలిగే 'అబ్బ, వచ్చేసింది' అన్న భావన ఆ రాత్రికే పనికొస్తుంది. మీరు లెక్చర్ చూసి పడుకునేటప్పుడు కలిగే తృప్తి కూడా అలాంటిదే.

ఇంకో ప్రయోగం అచ్చంగా మీ కోసమే చేశారా అన్నట్టు ఉంటుంది. 2013లో హార్వర్డ్ పరిశోధకులు ఒక ఆన్‌లైన్ స్టాటిస్టిక్స్ లెక్చర్‌నే తీసుకున్నారు. సుమారు ఇరవై నిమిషాల వీడియోను నాలుగు ముక్కలు చేసి, ఒక గుంపుకు ప్రతి ముక్క తర్వాతా చిన్న పరీక్ష పెట్టారు. వాళ్లలో ధ్యాస పక్కకు పోవడం సగానికి తగ్గింది, నోట్స్ రాసుకోవడం పెరిగింది, చివరి పరీక్షలో మార్కులూ పెరిగాయి. ఇంకో సంగతి, చివరి పరీక్ష అంటే వాళ్లకు భయం కూడా తక్కువగా ఉంది. గుండెదడ గురించి రాశారు కాబట్టి ఇది ప్రత్యేకంగా చెబుతున్నాను. చిన్న చిన్న పరీక్షలు ఎవరికి వాళ్లు పెట్టుకుంటూ ఉంటే పెద్ద పరీక్ష కొత్తగా అనిపించదు.

కాబట్టి ఇలా చేయండి. వీడియో పెట్టే ముందు ఆ వారం క్విజ్‌నో, అభ్యాస ప్రశ్నలనో తెరిచి ఒకసారి చదవండి. జవాబులు రావు, ఫర్వాలేదు. ఏం వెతకాలో తెలుస్తుంది. ఆరేడు నిమిషాలు చూసి ఆపండి. ఈ అంకె ఊరికే చెప్పడం లేదు. ఎడెక్స్ అనే ఆన్‌లైన్ కోర్సుల వేదికలో దాదాపు 69 లక్షల సార్లు వీడియోలు చూసిన తీరును పరిశీలించి 2014లో ఒక అధ్యయనం వచ్చింది. వీడియో ఎంత పొడవున్నా, జనం సాధారణంగా నిలబడి చూసేది ఆరు నిమిషాలకు మించడం లేదని అందులో తేలింది. ఆపాక, స్క్రీన్ కిందికి వంచి, ఇప్పటిదాకా ఏం చెప్పారో కాగితం మీద మీ మాటల్లో రాయండి. తెలుగులో రాసుకున్నా సరే. రాయలేకపోతే వెనక్కి వెళ్లి ఆ ముక్క చూడండి. రాయగలిగితే ముందుకు. లెక్కలైతే ట్యూటర్ చేసిన లెక్కనే అంకెలు మార్చి మీరు చేయండి. ఇలా చేస్తే గంటలో ఒక్క లెక్చరే అవుతుంది, అది చూసి మళ్లీ కంగారు పడొద్దు. ఒకటిన్నర స్పీడ్‌లో మూడు చూసి ఏదీ మిగలకపోవడం కంటే ఇదే వేగం. స్పీడ్ పెంచడం తప్పని నేననను. ముందే తెలిసిన విషయానికి, పరిచయ వాక్యాలకు పెంచుకోండి, స్టాటిస్టిక్స్‌లో ఫార్ములా ఎలా వచ్చిందో చెప్పే చోట మాత్రం వద్దు.

ఆ ఐదు వారాల బకాయి? మొదటినుంచి వరసగా చూసి తీర్చాలనుకుంటే అది ఎప్పటికీ తీరదు, ఈలోగా ఆరో వారం, ఏడో వారం కూడా బకాయిలో పడతాయి. ఈ వారం పాఠంతో మొదలుపెట్టండి. వెనకటిది ఎక్కడ అవసరమైతే అక్కడికి వెళ్లి ఆ ముక్క మాత్రం చూడండి. మార్కులు దేనికి ఎక్కువున్నాయో కోర్సు ప్రణాళికలో ఉంటుంది, దాని ప్రకారం పాత వారాల్లో ఏవి తప్పనిసరో, ఏవి స్లైడ్లు తిరగేస్తే సరిపోతాయో విడదీయండి. కొన్ని లెక్చర్లు మీరు ఎప్పటికీ చూడరు. కాలేజీకి వెళ్లి చదివి పాసైనవాళ్లు కూడా అన్ని క్లాసులూ వినలేదు.

పరీక్ష హెచ్చరిక విషయానికొస్తే, ప్రాక్టరింగ్ సాఫ్ట్‌వేర్, అంటే పరీక్ష రాసేవాళ్లను కెమెరాతో కనిపెట్టి చూసే ప్రోగ్రామ్, పెట్టే ఇలాంటి గుర్తులు తీర్పులు కావు. వెబ్‌క్యామ్‌లో రెండో ముఖం కనిపించినా, చూపు పక్కకు తిరిగినా, నెట్ తెగినా అది ఒక గుర్తు పెడుతుంది. ఆ రికార్డింగ్ చూసి నిర్ణయించాల్సింది మనిషి. మీకు మార్కులు వేశారంటే అది అక్కడితో ముగిసినట్టే, అయినా మనసు ఒప్పుకోకపోతే పరీక్షల విభాగానికి మెయిల్ పెట్టి రాతపూర్వకంగా ధ్రువీకరించుకోండి. వచ్చేసారికి కొన్ని జాగ్రత్తలు. నెట్ పోతే ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకోవచ్చో లేదో నిబంధనల్లో ముందే చూసుకోండి, కొన్నిచోట్ల పరీక్ష గదిలో ఫోనే ఉండకూడదు. మాక్ టెస్ట్ పెడితే అదే గదిలో, అదే సమయంలో, అదే నెట్ మీద రాయండి. పరీక్షరోజు పాపను ఇంట్లో ఉంచకుండా ఎవరైనా బయటికి తీసుకెళ్లగలిగితే అంతకంటే కావలసింది లేదు. ఏదైనా తేడా జరిగితే స్క్రీన్ ఫొటో, సమయం, ఏం జరిగిందో రెండు వాక్యాలు, అదే గంటలో మెయిల్. వారం తర్వాత రాసిన వివరణ సాకులా కనిపిస్తుంది.

ఈ నిఘా మీకు అవమానంగా అనిపిస్తే అది అతి సున్నితత్వమేమీ కాదు. పరీక్ష ముందు విద్యార్థి గదినంతా కెమెరాతో చూపించమనడం రాజ్యాంగ విరుద్ధమని 2022 ఆగస్టులో అమెరికాలో ఒహాయోలోని ఒక ఫెడరల్ కోర్టు ఓ ప్రభుత్వ యూనివర్సిటీ కేసులో తీర్పిచ్చింది. మీ యూనివర్సిటీకి ఆ తీర్పు వర్తించదు గానీ, ఇబ్బంది ఉంటే అడగొచ్చనీ, పరీక్షా కేంద్రానికి వెళ్లి రాసే వీలుందేమో కనుక్కోవచ్చనీ గుర్తుంచుకోండి. కొందరికి కేంద్రానికి వెళ్లి రాయడమే హాయి.

ఇప్పుడు మీ బావగారు.

దూరం నుంచి చదివి డిగ్రీ తెచ్చుకోవడం నిన్నమొన్నటి మోజు కాదు. లండన్ యూనివర్సిటీ ఎక్కడ చదువుకున్నవాళ్లనైనా తన పరీక్షలు రాయనివ్వడం మొదలుపెట్టింది 1858లో. నెల్సన్ మండేలా జైల్లో ఉండగా ఆ యూనివర్సిటీ న్యాయశాస్త్రం పరీక్షలకే చదివారు, చివరికి ఎల్ఎల్‌బీ పట్టా 1989లో, ఇంకా ఖైదీగా ఉండగానే, యూనివర్సిటీ ఆఫ్ సౌతాఫ్రికా దూరవిద్య ద్వారా వచ్చింది. బ్రిటన్‌లో ఓపెన్ యూనివర్సిటీ ఆలోచన వచ్చినప్పుడు అక్కడి ప్రతిపక్షంలోని ప్రముఖ నాయకుల్లో ఒకరైన ఇయాన్ మెక్లియోడ్ దాన్ని పిచ్చి ప్రేలాపనగా కొట్టిపారేశారు. 1971 జనవరిలో మొదటి విద్యార్థులు చదువు మొదలుపెట్టారు, బీబీసీలో వచ్చే పాఠాలు చూస్తూ. బావగార్లు ప్రతి కాలంలోనూ ఉన్నారు.

అలాగని ఆయన మాటలో నిజం బొత్తిగా లేదని చెప్పి మిమ్మల్ని సంతోషపెట్టను. ఆన్‌లైన్ పేరుతో డబ్బు తీసుకుని కాగితం చేతిలో పెట్టే దొంగ సంస్థలు ఉన్నాయి. కాబట్టి మూడు విషయాలు మీరే తేల్చుకోండి. మీ కోర్సుకు, అంటే యూనివర్సిటీకి మాత్రమే కాకుండా ఈ ఆన్‌లైన్ కోర్సుకు, దేశంలోని నియంత్రణ సంస్థ గుర్తింపు ఉందా? వాళ్ల అధికారిక జాబితాలోనే చూడండి, యూనివర్సిటీ ప్రకటనలో కాదు. పట్టా మీద ఏమని ముద్రిస్తారు? కొన్నిచోట్ల పద్ధతి రాస్తారు, జార్జియా టెక్ లాంటి చోట్ల క్యాంపస్‌లో చదివినవాళ్లకిచ్చే పట్టానే ఇస్తారు. మీరు చేయాలనుకుంటున్న ఉద్యోగానికో, పై చదువుకో ఈ పట్టా సరిపోతుందా? లైసెన్సు అవసరమైన వృత్తుల్లో ప్రత్యేక నిబంధనలు ఉంటాయి, దీన్ని చివరి సంవత్సరంలో కనుక్కోవడం ఆలస్యమే. ఈ మూడింటికీ మంచి జవాబులొస్తే, ఇంటర్వ్యూలో ఎలా చదివారని అడిగినప్పుడు దాచుకోవాల్సిందేమీ లేదు. ఉద్యోగం చేస్తూ చదివానని చెప్పండి, చేసిన ప్రాజెక్ట్ చూపించండి.

మొదటి ప్రశ్నకు వద్దాం. ఆపేయడానికి, కొనసాగించడానికి మధ్య మీరు చూడని దారులు ఉన్నాయి. చాలా యూనివర్సిటీల్లో సెమిస్టర్‌కు తీసుకునే సబ్జెక్టులు తగ్గించుకోవచ్చు. జరిమానా లేకుండా ఒక సబ్జెక్ట్‌నుంచి వైదొలగడానికి ఒక ఆఖరి తేదీ ఉంటుంది. సెమిస్టర్ విరామం అడగవచ్చు. ఇప్పటిదాకా పాసైన క్రెడిట్లు ఎన్నేళ్లవరకు చెల్లుతాయో రాసి ఉంటుంది. బ్రిటన్‌లోని ఆ ఓపెన్ యూనివర్సిటీలో పార్ట్‌టైమ్‌గా ఆనర్స్ డిగ్రీ చేసేవాళ్లకు మామూలుగా ఆరేళ్లు పడుతుంది, దాన్ని ఎవరూ ఆలస్యమనుకోరు, ఆ చదువు పొడవే అంత. మీరు పూర్తికాలపు విద్యార్థి వేగంతో, పూర్తికాలపు ఉద్యోగంతో నడుస్తున్నారు. నాకైతే ఈ సెమిస్టర్ స్టాటిస్టిక్స్, ఇంకొక్క సబ్జెక్ట్ ఉంచుకుని మిగతావి వచ్చే సెమిస్టర్‌కు తోసేయడం మంచిదనిపిస్తోంది. స్టాటిస్టిక్స్‌నే వదిలేయాలని మీకు అనిపించవచ్చు. వద్దు, దానిమీద ఆధారపడే సబ్జెక్టులు ముందు చాలా ఉంటాయి.

ఒక సెమిస్టర్ ఇలా తగ్గించిన బరువుతో నడిపి, ఫలితాలొచ్చి, రెండు వారాలు నిద్రపోయాక తేల్చుకోండి. అప్పుడు కూడా ఈ సబ్జెక్టే మీకు ఇష్టం లేదనిపిస్తే, లేదా ఫీజుకు అప్పు పెరుగుతూ ఉంటే, ఆరోగ్యం పాడవుతూ ఉంటే, ఆపేయండి. అందులో సిగ్గుపడాల్సింది లేదు. ఇప్పటికే కట్టిన ఫీజును ఆ లెక్కలోకి రానివ్వకండి. అది కొనసాగించినా తిరిగిరాదు. ఇకమీద కట్టబోయేదాన్ని మాత్రమే చూడండి. ఆపినా దరఖాస్తు పెట్టి, క్రెడిట్ల పత్రం చేతికి తీసుకుని ఆపండి. లాగిన్ అవడం మానేసి మాయమైపోతే కొన్నిచోట్ల అది ఫెయిల్‌గా నమోదవుతుంది, మళ్లీ చేరాలనుకున్నప్పుడు అడ్డం తగులుతుంది.

ఈరోజు చేయాల్సింది ఒకటే, స్టాటిస్టిక్స్ ట్యూటర్‌కు మెయిల్. మొహమాటం మీకు అడ్డమని తెలుసు కాబట్టి నేనే రాసి ఇస్తున్నాను, అంకెలు మార్చుకుని పంపండి:

'నమస్కారం. నేను మూడో సెమిస్టర్ విద్యార్థిని, పూర్తికాలం ఉద్యోగం చేస్తున్నాను. ఐదు వారాల పాఠాలు వెనకబడ్డాను. సబ్జెక్ట్ వదలదలచుకోలేదు. ఫైనల్‌కు తప్పనిసరిగా రావాల్సిన అంశాలు ఏవో, వెనకటి వారాల్లో దేనితో మొదలుపెట్టాలో చెప్పగలరా? మిగిలిన అసైన్‌మెంట్ల గడువు పొడిగించే వీలుంటే తెలియజేయగలరు. మీకు వీలైన సమయంలో పదిహేను నిమిషాలు మాట్లాడే అవకాశం ఇస్తే సంతోషం.'

క్షమాపణలు ఎక్కువ చేర్చొద్దు, పాప సంగతి, నెట్ సంగతి రాయక్కర్లేదు. నాలుగు పనిదినాల్లో జవాబు రాకపోతే ఇదే మెయిల్‌ను విద్యార్థి సహాయ విభాగానికి కూడా జతచేసి మళ్లీ పంపండి. సబ్జెక్టులు తగ్గించుకోవడానికి ఆఖరి తేదీ ఎప్పుడో అదే మెయిల్‌లో అడగండి. ఆ తేదీ దాటిపోయి ఉంటే విరామం దరఖాస్తుకు గడువు వేరే ఉంటుంది, దాన్ని కనుక్కోండి. ఈ రెండు తేదీలు కూడా గోడ మీది కాగితంలోకి ఎక్కించండి.